బ్రేకులు: సంతృప్తికరం

ఆ రోజుల్లో నాకు రెండు సంగతులు గట్టిగా తెలుసు: దేవుడు అందరినీ కాపాడతాడు, ఆ పనిలో సాయానికి నన్ను పెట్టుకున్నాడు. నరసన్నపేట అవతల గుట్ట మీది యార్డు నుంచి కింది ఇటుకబట్టీలకు బొగ్గు తోలే కాంట్రాక్టరు దగ్గర నేను సేఫ్టీ ఇన్‌స్పెక్టర్ని. రోజూ పొద్దున్నే టిప్పర్లన్నీ తిరిగి చూసి ఫారాలు నింపాలి. నేనేమో ఇస్త్రీ నలగని తెల్లచొక్కాతో, ఆఫీసు ఫ్యాను కింద, టీ తాగుతూ నింపేవాణ్ణి. (చూడక నమ్మినవారు ధన్యులని సండేస్కూల్లో నేర్పారు. ఆ మాట టిప్పర్ల గురించి కాదని ఎవరూ చెప్పలేదు.)

ఒకరోజు మా చర్చి సంఘపెద్ద, నేను మావా అని పిలిచే టిప్పరు డ్రైవరు, ఫారం పట్టుకుని వచ్చాడు.

"ఏటల్లుడా, బ్రేకులు సంతృప్తికరం అని రాసీసినావు. ఎప్పుడు సూసినావు?"

"దేవుడున్నాడు కదా మావా," అన్నాను, పాస్టరుగారి గొంతు అరువు తెచ్చుకుని.

"ఆయనున్నాడు. మరి నువ్వెందుకున్నావు? పెడలు నేలకి ఆనతన్నాది. మేనేజరేమో నీ కాయితం సూపించి లోడెత్తమంతన్నాడు. పెట్టిన సంతకం కొట్టీ. లేదంటే ఎక్కు, ఖాళీ బండి మీద గుట్టకింది గేటుదాకా ఎల్దాం."

డ్రైవర్లందరూ చూస్తున్నారు. వాళ్ల ముందు పెట్టిన సంతకాన్ని కొట్టేయడం కంటే చావే నయమనిపించింది. అంతటి బుద్ధిమంతుణ్ణి! ఎక్కాను.

మావ ఫస్టు గేరులోనే దించాడు. సగం వాలులో పెడలు తొక్కి చూపించాడు. అది ధబ్బున నేలకు తగిలింది, బండి మాత్రం దాని దారిన అది పోతోంది. నేను పరలోక ప్రార్థన మొదలుపెట్టాను. రెండో మాటకే అది "ఆపు మావా, ఆపు!" అయిపోయింది.

"సెయ్యి, సెయ్యి. నీ కాయితం కంటే ప్రార్థనే నయం," అంటూ మావ బండిని తీరిగ్గా దారిపక్క బొగ్గుపొడి కుప్పలోకి దూర్చి ఆపాడు. కిటికీలోంచి సగం కుప్ప నా ఒళ్లో పడింది.

దిగి, ఆ చేతుల్తోనే ఫారం మీద రాశాను: "బ్రేకులు లేవు. బండి కదపరాదు." దిద్దమని మేనేజరు కేకలేశాడు. దిద్దడానికి నా నల్లటి వేలిముద్రల మధ్య చోటుంటే కదా! మర్నాడు మెకానిక్ వచ్చాడు.

ఆదివారం గుడిలో మావ లేచి, "ప్రభువా, మా అల్లుడికి సూపిచ్చినావు, స్తోత్రం," అన్నాడు. సంగతి తెలియని సంఘమంతా ఆమేన్ అంది.

ఇప్పటికీ సంతకానికి ముందు ప్రార్థన చేస్తాను, పెడలు తొక్కి చూశాక. ఫ్యాను కింద కూర్చుని మనుషుల్ని దేవుడికి అప్పజెప్పిన ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే ఒళ్లు మండుతుంది. పెట్టె అడుగున, అమ్మ ఎన్నిసార్లు ఉతికినా తెల్లబడని ఆ చొక్కా కనిపించినప్పుడు మాత్రం నవ్వొస్తుంది. ఆ కుర్రాడు నిజంగా తనిఖీ చేసినట్టు సాక్ష్యం అదొక్కటే.