నల్లగుడ్డ బయట మాస్టారి ముఖం

మా డ్రాయింగు మాస్టారు పోయారు. నిన్న పొద్దున్నే పాలు తీసుకోవడానికి గేటు దాకా వచ్చి అక్కడే కూలబడిపోయారు. నేను పక్కింటిదాన్ని, ఒకప్పుడు ఆయన దగ్గర బొమ్మలు నేర్చుకున్నదాన్ని. “గీసేముందు చెట్టు చుట్టూ ఒకసారి తిరిగి రామ్మా, తొందరేముంది,” అనేవారు. అలాంటి మనిషికి ఇప్పుడు ఏం తొందరొచ్చింది? నాకు ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. మతిమరుపు జబ్బుతో ఉన్న అమ్మగారిని, కట్టుకున్న భార్యను, ఎవరి మీద వదిలి వెళ్లారండీ?

ఆయనకు ఒకటే పిచ్చి, స్టాండు మీద నిలబెట్టే పాతకాలపు పెద్ద కెమెరా. నల్లగుడ్డ తల మీద కప్పుకుని, వెనకాల గరుకుటద్దంలో తలకిందులుగా కనపడే బొమ్మను స్పష్టంగా తెచ్చుకుని, ఆ తర్వాత ఫిలిం పెట్టి తీయాలి. పెళ్లయిన కొత్తలో అమ్మగారిని అలాగే తీశారు. నేరుగా ఆయన వైపే చూస్తూ, నవ్వు ఆపుకుంటున్న ఆవిడ ఫొటో ఇప్పటికీ వాళ్ల హాల్లో ఉంది.

అలాంటిది ఇంకొక్కటి కావాలని పట్టుబట్టారు. అమ్మగారు మనుషుల్ని ఒక్కొక్కరినే మర్చిపోతున్నారు. తన వంతు రాకముందే ఆ చూపు దక్కించుకోవాలని ఆయన ఆరాటం.

“ఫోన్లో తీసేద్దాం మాస్టారూ,” అన్నాను.

“ఫోన్లో బోలెడున్నాయమ్మా. అన్నిట్లోనూ దిక్కులు చూస్తోంది.”

తీరా ఆయన నల్లగుడ్డలో దూరగానే అమ్మగారు “ఏవండీ! ఏరీ ఈయన?” అని బెదిరిపోయి లేచి వెళ్లిపోయేవారు. అందుకని ఎక్కడినుంచో రేంజ్‌ఫైండర్ తెప్పించారు. జానెడు గొట్టం. అందులోంచి చూస్తే మనిషి రెండుగా కనపడతాడు. చక్రం తిప్పి ఆ రెండిటినీ ఒకటి చేస్తే, ఎన్ని అడుగుల దూరమో తెలుస్తుంది. కెమెరా అడుగు పట్టీ మీద ఆ దూరానికి పెట్టుకున్న గీత దగ్గరికి లెన్సు జరిపితే చాలు, గుడ్డతో పని లేదు. ఆ గీతలు సరిచూసుకోవడానికి మా ప్రహరీ గోడ దూరాన్ని ఎన్నిసార్లు కొలిచారో! తిండీ నిద్రా మానేశారని తిడితే, “ముఖం బయట ఉంటేనే కదా అది నన్ను చూసేది!” అని నా మీదే ఎగిరారు.

మొన్న చిన్నరసాలు కోతకొచ్చినప్పుడు చాట్రాయి దారిలో ఉన్న మా మామిడితోటకు వెళ్లాం. అమ్మగారిని చెట్టు కింద కుర్చీలో కూర్చోబెట్టాను. మాస్టారు ఫిలిం ముందే ఎక్కించారు. చక్రం తిప్పి, “కలిసింది, కలిసింది,” అంటూ లెన్సు జరిపారు. కెమెరా పక్కన నిలబడి మీట మీద వేలు పెట్టారు.

“ఇటు చూడవే.”

అమ్మగారు చూశారు. నిదానంగా, కళ్లనిండా చూసి, “మా ఆయన ఎక్కడున్నారండీ?” అని ఆయన్నే అడిగారు.

“నొక్కండి మాస్టారూ!” అని అరిచాను.

“ఎవర్ని చూస్తోందని నొక్కనమ్మా?” అన్నారు. కెమెరా మడిచి ఆటోలో పెట్టేశారు.

నిన్న ఆయన్ని హాల్లో పడుకోబెట్టాం. మామిడిపళ్ల రోజులు కదా, ఈగలు ముసురుతున్నాయని ఎవరో దుప్పటిని ముఖం మీదికి కూడా లాగారు. అంతలో అమ్మగారు గదిలోంచి వచ్చారు. లోపలికి తీసుకుపోదామని నేను లేచాను. ఆవిడ నన్ను పక్కకు నెట్టి, కుర్చీ లాక్కుని ఆయనకు ఎదురుగా కూర్చున్నారు. పమిట సర్దుకున్నారు. దుప్పటి వైపు నేరుగా చూస్తూ, నవ్వు ఆపుకుంటూ అన్నారు:

“ఎంతసేపండీ ఆ గుడ్డలో? తీయండి, కదలనులెండి.”

ఆయన్ని తీసుకెళ్లేదాకా ఆవిడ కదలలేదు.