మినిట్స్ బుక్కులో సుజన ఉత్తరం

సుజన ఉదయగిరిలో చెక్క గరిటెలు చేసేది. కొండ నుంచి తెచ్చిన కర్రను మగవాళ్లు కోసి గరిటె ఆకారానికి తెస్తారు. కాడ మీద పువ్వులూ తీగలూ తీసి నునుపు చేసే పని ఎక్కువగా ఆడవాళ్లది. సుజన పదిహేడో ఏట కార్ఖానాలో చేరింది. ఇరవై మూడు వచ్చేసరికి, చేప కాడ గరిటె కావాలని ఎవరడిగినా కర్ర తెచ్చి ఆమె ముందే పెట్టేవాళ్లు. కాడల మీద ఆమె చెక్కిన చేపలన్నిటికీ మూతి కొంచెం వంకరగా ఉండేది. ఎందుకలా అని ఒకసారి అడిగాను.

"గాలం తప్పించుకున్న చేపక్కా ఇది. మూతి వంకరపోకుండా ఎట్లా ఉంటాది?" అంది, చెక్క నునుపు చేసే ఆకురాయి మీది పొట్టు ఊదుకుంటూ.

మాదీ వాళ్లదీ ఒకే పేట. మధ్యలో రెండిళ్లు. వాళ్ల నాయన కొండలయ్య గొర్రెలు మేపేవాడు. సుజన తొమ్మిదో తరగతిలో ఉండగా జబ్బు చేసి పోయాడు. అప్పట్నుంచి ఇంట్లో ఇద్దరే, సుజనా, వాళ్లమ్మ నాగులమ్మా. నేను ఆమెను అత్తా అని పిలుస్తాను. నాగులమ్మత్త కూలికి పోయేది. చదువు రాదు. గొప్పగా చెప్పుకోవడానికి ఆమెకు ఉన్నది ఒకటే. మా గుళ్లో, అంటే చర్చిలో, నెల మొదటి ఆదివారం ప్రభు బల్ల ఉంటుంది. రొట్టె ముక్కలు ఒక పళ్లెంలో, ద్రాక్షరసం నింపిన చిన్న గ్లాసులు ఇంకో పళ్లెంలో వరస వెంబడి చేతులు మారుతూ వస్తాయి. బాప్తిస్మం తీసుకున్ననాటి నుంచి నాగులమ్మత్త ఒక్క బల్ల కూడా తప్పలేదు. కొండలయ్యను సమాధి చేసిన మూడో రోజు మొదటి ఆదివారం వచ్చింది. ఆ రోజు కూడా వచ్చి, గ్లాసు తీసుకుని, కింద పోకుండా తాగింది.

శ్రీకాంత్‌ది మర్రిపాడు వైపు భూములున్న కుటుంబం. ఆత్మకూరు బస్టాండు దగ్గర ఎరువుల షాపు చూసుకునేవాడు. ఎవరికో బహుమతిగా ఇవ్వడానికి గరిటెలు కొనేందుకు వచ్చి, వంకర మూతి చేపను చూసి నవ్వి, సుజన నంబరు అడిగాడు. రెండేళ్లు ఫోన్లో మాట్లాడుకున్నారు. ఇంట్లో ఒప్పిస్తానని అతను చెబుతూ వచ్చాడు, ఈమె నమ్ముతూ వచ్చింది. ఒంటి మీద బట్టల్లేని ఫొటోలు నాలుగు అడిగాడు. పంపింది. ఎందుకు పంపింది అని ఆ తర్వాత నన్ను చాలామంది అడిగారు. ప్రేమించిన మనిషి అడిగాడు, పంపింది. ఇంతకన్నా పెద్ద కారణం ఏదో ఉండాలని వాళ్లంతా ఎందుకు అనుకున్నారో నాకు తెలియదు.

2024 ఆగస్టులో శ్రీకాంత్‌కు పెళ్లి కుదిరింది. సుజన నిలదీసింది, అతని నాన్నకు ఫోన్ చేస్తానంది. సెప్టెంబరు మొదటి వారంలో ఆమె పేరుతో ఇన్‌స్టాగ్రామ్‌లో కొత్త ఖాతా ఒకటి తెరుచుకుంది. అందులో ఆ నాలుగు ఫొటోలూ ఉన్నాయి. అదే రోజు అవి ఉదయగిరి, సీతారామపురం వాట్సాప్ గ్రూపుల్లోకి వచ్చాయి.

సుజనకు ఆ సంగతి ఎవరూ నేరుగా చెప్పలేదు. పొద్దున కార్ఖానాకు పోతుంటే టీ బంకు దగ్గర ఒకతను, "చేప కాడ గరిటె ఎంత పాపా?" అన్నాడు. పక్కన ఉన్నవాళ్లు నవ్వారు. గిరాకీ ఏమోననుకుని రెండొందల యాభై అని చెప్పింది. వాళ్లు ఇంకా గట్టిగా నవ్వారు. కార్ఖానాలోకి వెళ్లాక తనతో పనిచేసే ఒకామె ఫోను తిప్పి చూపించింది.

వారం తిరక్కముందే సంఘ పెద్దలు కూర్చున్నారు. మా సంఘంలో ఒక పద్ధతి ఉంది. తప్పు చేశారని తేలినవాళ్లను బల్ల నుంచి నిలిపేస్తారు. మళ్లీ చేరాలంటే ఒప్పుకోలు ఉత్తరం రాసివ్వాలి. సంఘం ముందు నిలబడితే కార్యదర్శి దాన్ని చదువుతాడు. ఆ తర్వాత ఉత్తరాన్ని, సంఘం తీర్మానాలు రాసుకునే మినిట్స్ బుక్కులో అంటిస్తారు. ఉత్తరంలో ఇంకొకరి పేరు ఎత్తకూడదు. నీ పాపం నువ్వు ఒప్పుకోవాలే కాని పక్కవాడి మీదికి తొయ్యకూడదు అంటారు. నా చిన్నప్పటి నుంచి ఇలాంటి ఉత్తరాలు విన్నాను. తాగినవాళ్లవి, తమ్ముణ్ని కొట్టినవాళ్లవి. ఆ పద్ధతిలో తప్పేదో ఉందని నాకు ఏనాడూ తోచలేదు.

సుజనను నిలిపేశారని తెలిసిన సాయంత్రం నాగులమ్మత్త గీతల కాగితం ఒకటి తీసుకుని మా ఇంటికి వచ్చింది. నేను నెల్లూరులో ఎం.ఏ. తెలుగు ముగించి, ఇంట్లో ఉండి పోటీ పరీక్షలకు చదువుతున్నాను. పేటలో అర్జీలన్నీ నా చేతే రాయించేవాళ్లు.

"నువ్వైతే బాగా రాస్తావు నిరోషా. మొదటి ఆదివారానికి పాప నా పక్కన కూర్చోవాల," అంది.

వెంట వచ్చిన సుజన గోడకు ఆనుకుని కూర్చుంది. శ్రీకాంత్ పేరు రాయనా అని అడిగితే, రాయకూడదు కదా అంది. నేను రాశాను. బాగానే రాశాను. "నా ఫొటోలు ఊళ్లలో తిరగడానికి కారణం నేనే, మరెవ్వరూ కారు. ఇందుకు నేను ఎవరినీ నిందించను" అన్న వాక్యం నాదే. సుజన సంతకం పెట్టింది.

అక్టోబరు మొదటి ఆదివారం కార్యదర్శి ఓబయ్య గారు ఆ ఉత్తరం చదివారు. ఆయన చెడ్డ మనిషి కాదు. ఆ వాక్యాన్ని ఆమె వైపు చూడకుండా చదివేశారు. ఆడవాళ్లు ఏడ్చారు, సుజనను కౌగిలించుకున్నారు. ఆ పూట నాగులమ్మత్త గ్లాసు తీసుకుని, కూతురు తాగేదాకా ఆగి, తర్వాత తను తాగింది. గండం గడిచిందనే అందరం అనుకున్నాం.

గురువారం ఫొటోలు మళ్లీ వచ్చాయి, ఇంకో పేరుతో.

"ఒప్పుకుంటే ఆగిపోతాయనుకున్నానక్కా," అంది సుజన. అంతకుముందు ఏడ్చింది కాని, ఆ రోజు ఏడవలేదు. ఆత్మకూరు పోదాం, తోడు రా అంది.

ఉదయగిరి స్టేషన్‌లో అందరూ తెలిసినవాళ్లే. అందుకని బస్సెక్కి ఆత్మకూరు పోయాం. అక్కడ మహిళల ఫిర్యాదులు చూసేది రేణుకాదేవి అనే హెడ్ కానిస్టేబుల్. నేను ఇంటి దగ్గరే రాసి తెచ్చిన ఫిర్యాదును చదివి, కళ్లజోడు పైకి తోసి నా వైపు చూసింది.

"అభ్యంతరకర ఛాయాచిత్రాలంటే ఏంది పాపా? బట్టల్లేని ఫొటోలని రాయి. నీకు సిగ్గైతే, కోర్టుకి ఎట్లా తెలుస్తాది?"

తిరగరాశాను. చాలా మంది ఆడపిల్లలు ఈ మెట్లెక్కడానికి ముందే ఫోనులో అన్నీ చెరిపేసుకుని వస్తారనీ, ఒక్క మెసేజీ కూడా తీసెయ్యొద్దనీ ఆమె చెప్పింది. ఆ ఖాతా లింకూ, తేదీ కనబడేట్టు స్క్రీన్‌షాట్లూ తీయించింది. సైబర్ క్రైమ్ వెబ్‌సైట్‌లో తానే కూర్చుని ఫిర్యాదు పెట్టించింది. ఇన్‌స్టాగ్రామ్ వాళ్లకు కూడా విడిగా రాయించింది. ఇలాంటి ఫొటో గురించి అందులో ఉన్న మనిషే ఫిర్యాదు చేస్తే కంపెనీ ఒక రోజులోగా తీసెయ్యాలని నిబంధన ఉందట. అన్నట్టే మర్నాటికి ఆ ఖాతా మాయమైంది.

సుజన మాత్రం చివరిదాకా ఒకటే పట్టుకుని కూర్చుంది. పంపింది నేనే కదా మేడమ్, నాది తప్పే కదా అని.

"ఇష్టపడి తీసుకున్నావా, ఇష్టపడి పంపినావా, అది నీకూ వానికీ మధ్య," అంది రేణుకాదేవి. "వాడు దాన్ని ఇంకొకరికి చూపించినాడే, అది నేరం. ఫొటోకి ఒప్పుకున్నంత మాత్రాన పంచేదానికి ఒప్పుకున్నట్టు కాదని చట్టంలో విడిగా రాసే ఉండాది. నీకోసమే రాసినారనుకో."

తిరుగు బస్సులో ఆ మాటను సుజన నా చేత రెండుసార్లు చెప్పించుకుంది.

సీఐ గారు కేసు చూశారు. శ్రీకాంత్ ఫోను పట్టుకుని ల్యాబుకు పంపారు. వాట్సాప్ గ్రూపులకు ఫొటోలు మొదట వెళ్లింది ఆ ఫోను నుంచేనని రిపోర్టు వచ్చింది. చార్జిషీటు పడింది. రాజీకి ఇద్దరు ముగ్గురు పెద్దమనుషులు వచ్చి పోయారు. సుజన వాళ్లకు మంచినీళ్లిచ్చి పంపేసింది. వాయిదాలకు పోయిన రోజుల్లో పని లేదు. కొన్నాళ్లకు మిగతా రోజుల్లోనూ కార్ఖానాకు రావద్దన్నారు. బేరానికి వచ్చేవాళ్లు గరిటెల్ని వదిలి ఆమెను చూస్తున్నారని కారణం చెప్పారు. ఇంటి దగ్గర కూర్చుని చేసేది. చేపలు మాత్రం మానేసింది.

2025 నవంబరులో ఆమె సాక్ష్యం. మెజిస్ట్రేటు గారు సంబంధం లేనివాళ్లందర్నీ బయటికి పంపారు. సుజన అడిగితే నన్నూ నాగులమ్మత్తనూ ఉండనిచ్చారు. అవతలి వకీలు పెద్దాయన, మెత్తగా మాట్లాడేవాడు. ఫైల్లోంచి ఒక జిరాక్సు కాగితం తీశాడు. బల్ల మీద పెట్టకముందే నా దస్తూరీ నేను గుర్తుపట్టాను. మినిట్స్ బుక్కులోంచి ఎవరో ఫొటో తీసి ఇచ్చారు. ఎవరన్నది ఇప్పటికీ తెలియదు.

సంతకం నీదేనా అని అడిగాడు. నాదే అంది. కారణం నేనే, మరెవ్వరూ కారు అన్న వాక్యాన్ని ఆమె చేతే పైకి చదివించాడు. తర్వాత అదే మెత్తని గొంతుతో అడిగాడు.

"దేవుని గుడిలో, నీ సంఘం ముందర నిలబడి చెప్పిన మాటమ్మా ఇది. అక్కడ అబద్ధం చెప్పావా, ఇక్కడ చెబుతున్నావా?"

సుజన మెజిస్ట్రేటు గారి వైపు తిరిగింది. నాగులమ్మత్త చెయ్యి నా మోచేతిని గట్టిగా పట్టుకుంది.

"గుళ్లో చెప్పిందే అబద్ధం సార్. ఆ మాట చెప్తేనే బల్లలో కూర్చోనిస్తామన్నారు. మా అమ్మ కోసం చెప్పినాను. నేను ఫొటోలు ఒక మనిషికి పంపినాను. ఊరికి పంపింది అతను."

నాగులమ్మత్త నా మోచేయి వదిలేసింది.

జనవరిలో తీర్పు వచ్చింది. శ్రీకాంత్‌కు ఏడాది జైలు, జరిమానా. సంఘానికి రాసిన ఉత్తరం ముద్దాయికి ఇచ్చిన అనుమతి కాదనీ, అతను చేసిన పనిని అది మాపలేదనీ తీర్పులో రాశారు. అప్పీలుకు పోతానంటే శిక్షను ఆపి అతనికి ఆ పూటే బెయిలిచ్చారు. అదీ చట్టంలో ఉన్నదేనట. మేము ఆత్మకూరు బస్టాండులో ఉదయగిరి బస్సు కోసం నిలబడి ఉండగా అతను కారులో మా ముందు నుంచే ఇంటికి పోయాడు.

ఆమె కోర్టులో అన్న మాట కూడా తీర్పులో ఉంది. అది మాకన్నా ముందే పేటకు చేరింది. దేవుని ముందు అబద్ధమాడానని తన నోటితోనే ఒప్పుకుందట అన్నారు. ఫిబ్రవరి బల్లకు ముందు, శనివారం మధ్యాహ్నం, ఓబయ్య గారు వాళ్లింటికి వచ్చారు. నేనక్కడే ఉన్నాను. సుజన తీర్పు నకలు తెచ్చి ఆయన చేతిలో పెట్టి, ఉత్తరం పక్కనే దీన్నీ అంటించమని అడిగింది. ఆయన అంతా ఓపిగ్గా చదివారు. నువ్వు గెలిచినందుకు సంతోషమే అన్నారు. కానీ కోర్టు వేరు, బల్ల వేరు. ఆ ఉత్తరాన్ని నమ్మినందుకే సంఘం తిరిగి చేర్చుకుంది. అది నిజమేనని ఒక్క మాట చెబితే ఎప్పటిలాగే కూర్చోవచ్చు. అబద్ధమంటే మళ్లీ నిలిపెయ్యక తప్పదు.

ఆ వాక్యం రాసింది నేను అన్నాను. సంఘంలో ఒక పెద్దాయన ముందు నేను గొంతెత్తి మాట్లాడటం అదే మొదటిసారి.

"సంతకం ఆ పాపది గదమ్మా," అన్నారాయన, జాలిగానే.

నాగులమ్మత్త కూతురి దగ్గరికి పోయి కూర్చుంది. ఒక్క మాట పాపా అంది. ఒక్కటంటే ఒక్క మాట, తర్వాత నిన్నింకేమీ అడగను అంది.

సుజన తల్లి చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది. ఆకురాయి పట్టి పట్టి వేళ్లన్నీ కాయలు కాచి ఉన్నాయి.

"అమా, ఆ మాట చెప్తే వాడు చేసింది కూడా నేనే చేసినట్టవతాది. నా తప్పు ఎంతుందో అంతకే నిలబడతాను. వాడిది నేను మొయ్యను."

ఓబయ్య గారు లేచిపోయారు. తీర్పు కాగితాలు మంచం మీదే ఉన్నాయి.

సోమవారం సుజన నెల్లూరు పోయింది. అక్కడ హాస్టల్లో ఉంటూ బట్టల షాపులో పని చేస్తోంది. ఆకురాళ్లను గుడ్డలో చుట్టి ఇంట్లోనే వదిలిపోయింది. ఫొటోలు మళ్లీ ఎక్కడైనా వచ్చాయేమోనని వారానికోసారి ఫోన్లో వెతుకుతుంది. కనబడితే ఎవరికి రాయాలో, ఏం రాయాలో ఇప్పుడు ఆమెకు నా సాయం అక్కర్లేదు. మార్చిలో ఒకసారి వచ్చాయి. ఒక్క రోజులో తీయించింది.

ఏప్రిల్ మొదటి ఆదివారం నాగులమ్మత్త గుడికి వచ్చింది. ఫిబ్రవరిలో, మార్చిలో జ్వరమని రాలేదు. ఎప్పుడూ కూర్చునే చోటే, చాప మీద, నా పక్కన కూర్చుంది. రొట్టె పళ్లెం వచ్చింది. దాన్ని చూడనట్టే నాకు అందించింది. ఓబయ్య గారు గ్లాసుల పళ్లెం పట్టుకుని మా వరస చివర నిలబడి ఆమెనే చూస్తున్నారు. పళ్లెం చేతులు మారుతూ ఆమె దగ్గరికి వచ్చింది. రెండు చేతులా పట్టుకుని, అందులోకి చూస్తూ ఉండిపోయింది. మా వెనక ఎవరో పాట ఎత్తుకున్నారు.

ఆమె ఒక్క గ్లాసు కూడా తీయలేదు. ఒలకకుండా, నెమ్మదిగా, పళ్లేన్ని నా చేతుల్లో పెట్టింది.