బిళ్ళలకు వాటాలు వేసినవాణ్ణి

ఆ రోజు కాఫీ తోటలో కలుపు తీస్తుంటే వెన్నులోంచి చలి పుట్టింది. పైన ఎండ మండుతోంది, నా పళ్ళు మాత్రం టకటకమంటున్నాయి. కత్తి అక్కడే పారేసి, ఐదు మైళ్ళు ఒక్కణ్ణే నడిచి ఇల్లు చేరాను. ఐదు మైళ్ళని ఊళ్ళో చెబుతుంటాను గానీ, తోట మా ఇంటి వెనకే. అదీ మా ఆవిడ చిలకమ్మ రెక్క పట్టుకుని లాక్కొచ్చింది.

అనంతగిరి కొండల్లో మాదొక చిన్న గూడెం. మా ఇళ్ళకు పైన ఒక కంట్రాక్టరు గ్రావెల్ కోసం కొండ తవ్వాడు. ఆ గ్రావెల్‌తో టూరిస్టుల కార్లకు రోడ్డు పడింది. మాకు రోడ్డు రాలేదు, మూడు గోతులు మిగిలాయి. వానలకు అవి నిండితే దోమలు పొగలా లేస్తాయి. పూడ్చమని బతిమాలితే, "పని అవనీ తాతా, పూడ్చేస్తాం" అన్నాడు. పని అయింది. మనిషి మళ్ళీ కొండెక్కలేదు.

ఆశా కార్యకర్త కాంతం నా వేలు పొడిచి, కిట్ మీద రక్తం చుక్క వేసి చూసింది.

"వైవాక్స్ మలేరియా పాజిటివ్, తాతా."

"ఏటే గుంటా, పాసయినట్టేనా?"

"నవ్వులాట కాదు. క్లోరోక్విన్ మూడు రోజులు, ప్రైమాక్విన్ పద్నాలుగు రోజులు. జొరం తగ్గిపోయిందని మానీకు. అన్నీ నువ్వొక్కడివే మింగాల."

నాలుగో రోజుకు జ్వరం పోయింది. అట్టలో బిళ్ళలు చాలా మిగిలాయి. మా గూడెంలో ఒక అలవాటు ఉంది. అడవిపంది దొరికితే గడపగడపకూ వాటా వెళ్ళాలి. వేటకు రాని ముసలమ్మకు కూడా వాటా ఉంటుంది. ఒక్కడే తినేవాడికి మా దగ్గర పరువుండదు. పక్కింట్లో ఉండే మా తమ్ముడు బుద్దు గూడెంలో జ్వరాలు చూసి బెదిరిపోయి ఉన్నాడు. నేను అరుగు మీద అడ్డాకు విస్తరి పరిచి, బిళ్ళలు దాని మీద పోసి, మూడు వాటాలు వేశాను.

చిలకమ్మ మండిపడింది. "మందుకి వాటాలేటి, ముసలోడా? నాకొద్దు!"

బుద్దు నవ్వాడు. మాలో అన్నను దాదా అంటారు. "దాదా, వదిన వాటా కూడా నాకే ఇచ్చీ. నా ఒళ్ళు పెద్దది" అని, రెండు వాటాలూ ఒకేసారి అంబలితో మింగేశాడు.

మూడో రోజుకు వాడి మూత్రం కాఫీ డికాషన్ రంగులో వచ్చింది. కళ్ళు పచ్చబడ్డాయి, నాలుగడుగులకే ఆయాసం. రోడ్డు లేదు కాబట్టి డోలీ కట్టారు. డోలీ ముందు కొస నేనే మోశానని చెప్పుకుంటాను. నేను మోసింది వాడి చెప్పులు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ మొదటే అడిగింది. "ఇతనికి మలేరియా నెగెటివ్. ఏమైనా మందులు వాడాడా?"

నేను వెంటనే అందుకున్నాను. "మందులేం లేవమ్మా. ఆ కంట్రాక్టరు గోతుల నీళ్ళు తాగాడు. ఆ కంట్రాక్టరే వీణ్ణి చంపుతున్నాడు."

బుద్దు నా మొహంలోకి చూశాడు. మాట్లాడే ఓపిక వాడికి లేదు. నా పేరు చెప్పే ఉద్దేశమూ ఉన్నట్టు లేదు.

"రక్తం బాగా పడిపోయింది, హెచ్‌బి నాలుగే ఉంది. కారణం తెలియకపోతే నేను చీకట్లో తడుముకోవాలి" అంది ఆమె.

అప్పుడు డోలీ వెంట వచ్చిన చిలకమ్మ బొడ్లోంచి ఖాళీ అట్ట తీసి బల్ల మీద పెట్టింది. "సెప్పు, ముసలోడా. నువ్వు సెప్తావా, నన్ను సెప్పమంటావా?"

చెప్పాను. డాక్టరమ్మ తిట్టలేదు, అదే కష్టమనిపించింది. "కొంతమందికి పుట్టుకతోనే జి-సిక్స్-పి-డి అనే ఎంజైమ్ తక్కువ ఉంటుంది. వాళ్ళకు ఈ ప్రైమాక్విన్ పడితే రక్తకణాలు పగిలిపోతాయి" అంది. విశాఖ పంపించారు. రక్తం ఎక్కించారు. బుద్దు బతికాడు. సగంలో మానేసిన నాకు నెలన్నరకే జ్వరం తిరగబెట్టింది.

మంచం మీద వణుకుతూ పగ నెమరేశాను. లేచి తిరగ్గలిగాక, గోతిలో దోమపిల్లల నీళ్ళు సీసాలో పట్టి, బొర్రా దగ్గర కంట్రాక్టరు షెడ్డుకు వెళ్ళాను. కాలరు పట్టుకుని తాగించానని గూడెంలో చెప్పాను. జరిగింది వేరు.

సీసా చూసి అతను, "ఏం తాతా, తేనె తెచ్చావా?" అన్నాడు.

"కాదు బాబూ, నీ గోతిలో పంట. తాగు."

పగలబడి నవ్వాడు. "నీ తమ్ముడికి మందు పెట్టింది నువ్వేనట కదా? నా గోతుల మీదకు తోస్తావేం?"

నా తప్పును అతను గొడుగులా పట్టుకుని నిలబడ్డాడు. సీసాతోనే వెనక్కి వచ్చాను.

ఆ గొడుగు లాగేయాలంటే దారి ఒక్కటే కనిపించింది. గ్రామసభకు అధికారులు వచ్చిన రోజు లేచి నిలబడి ముందు నా తప్పు చెప్పాను. అడ్డాకు, మూడు వాటాలు, ఆసుపత్రిలో ఆడిన అబద్ధం, అన్నీ. జనం నవ్వారు, కొందరు ఉమ్మేశారు. తరవాత కాంతం రాసిచ్చిన కాగితం పట్టుకుని, జ్వరం వచ్చిన వాళ్ళ పేర్లు ఇంటింటివీ చదివాను. "వీళ్ళకెవరికీ నేను బిళ్ళలు పెట్టలేదు. వీళ్ళకి జొరం ఎక్కణ్ణించి వచ్చింది?" కంట్రాక్టరు అక్కడే ఉన్నాడు. ఈసారి అతను అధికారుల కంట పడకుండా వెనక్కి జరిగాడు. అతని మొహం చూస్తూ నాకు కలిగిన సుఖం దాచుకోను.

నెల తిరక్కుండా రెండు గోతులు పూడ్చాడు. మూడోదాని కోసం ప్రతి సభలోనూ లేస్తున్నాను. అతను నన్ను చూస్తే తల తిప్పుకుంటాడు, నేను ఎదురుగా వెళ్ళి కూర్చుంటాను. నా బిళ్ళలు ఈసారి కాంతం ఎదుటే పూర్తిగా మింగాను. బుద్దు కొండెక్కుతాడు గానీ మధ్యలో కూర్చుంటాడు. అప్పుడు నేనూ అలిసినట్టు నటిస్తాను. ఈ మధ్య నటన అక్కర్లేకుండానే కూర్చుంటున్నాను.

ఒకరికి రాసిన బిళ్ళ ఇంకొకరి నోట్లో వేయకండి. వేసి ఉంటే మాత్రం ఆ ఖాళీ అట్ట పట్టుకెళ్ళి డాక్టరు ముందు పెట్టండి. సిగ్గు తరవాత పడొచ్చు.