షార్లెట్‌టౌన్ రేవులో మేధ పాదం

దెయ్యాల కబుర్లు చెప్పేవాళ్లను ఆటపట్టించడం నాకు చిన్నప్పటి నుంచీ సరదా. నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. ఎవరైనా ఏదో చూశామంటే, ఏదీ మళ్లీ చూపించమంటాను. చూపించలేకపోతే నా లెక్కలో అది జరగనట్టే. ఇప్పుడు రాసేది నాకే జరిగింది, మళ్లీ చూపించమంటే నా వల్ల కాదు. ఎగతాళి చేసేవాళ్లు చేసుకోవచ్చు.

మొన్న వేసవిలో నేనూ, మా ఆయన వంశీ, నాలుగేళ్ల మా అమ్మాయి మేధా, మేం ఉండే మార్కమ్ నుంచి కారులో ప్రిన్స్ ఎడ్వర్డ్ ఐలాండ్ వెళ్లాం. సముద్రం మీద ఆ పొడవాటి వంతెన దాటుతుంటే నాకు సీట్లో కుదురు లేదు. అవతల దిగగానే ఎర్రమట్టి, బంగాళదుంప చేలు. ఆ ద్వీపానికి రాజధాని షార్లెట్‌టౌన్. మార్కమ్‌లో పాలు అయిపోతే కారు తీయాల్సిందే. ఇక్కడ కారు హోటల్ దగ్గర పెట్టేసి మళ్లీ దాని మొహం చూడలేదు. పాత ఇటుక గోడలు, రంగురంగుల తలుపులు, అసెంబ్లీ, చర్చి, ఐస్‌క్రీమ్ కొట్టు, అన్నీ నడకలోనే.

"రాజధాని అంటే ఇంతేనా?" అన్నాడు వంశీ.

"ఇంతే ఉండాలి" అన్నాను నేను. అప్పటికే ఆ ఊరి మీద ఈగ వాలనివ్వడం లేదు.

ఇక రేవు చూశాక నన్ను పట్టడం ఎవరి తరం కాలేదు. ఒకప్పుడు తెరచాప ఓడలు వచ్చి ఆగిన చోటు. చెక్క పలకలు పరిచిన దారి, పక్కన తెల్లటి పడవలు, ఉప్పు గాలి. ఆ ఊపులో హాలిఫాక్స్‌లో ఉండే మా అక్కకు వీడియో కాల్ చేశాను. వాళ్ల ఊరి రేవు గొప్పలు ఏళ్ల తరబడి విన్నాను, బదులు తీర్చుకోవాలిగా.

"అక్కా, మీ రేవు దీని ముందు దిగదుడుపే. ఆ పడవలు చూడు."

"పడవలు సరేలేవే, మేధ ఏదీ?" అంది అక్క.

మేధ వంశీ దగ్గర ఉందనుకున్నాను. వంశీ ఫోటోలు తీసుకుంటూ నా దగ్గర ఉందనుకున్నాడు. ఆ చివర రేవుకు కమ్మీ లేదు, కింద లోతు నీళ్లు, మా పిల్లకు ఈత రాదు. పరుగెత్తాను.

మేధ సరిగ్గా అంచు దగ్గర, కాళ్లు చాపుకుని బుద్ధిగా కూర్చుని ఉంది. ఎత్తుకుని ఏడ్చేశాను.

పడవ టికెట్లు అమ్మే ఆవిడ కూడా అప్పుడే అక్కడికి చేరుకుంది. పిల్ల నీళ్ల వైపు పరుగెత్తడం చూసి టికెట్ గదిలోంచి బయటికి వచ్చిందట. అంతలో మేధ ఉన్నట్టుండి ఆగి, కూలబడిందట. అరిస్తే బెదిరి దూకుతుందేమోనని మెల్లగా నడిచి వచ్చానంది. తన చూపు పిల్ల మీదే ఉందని, మేం వచ్చేదాకా దగ్గరికి ఎవరూ రాలేదని రెండుసార్లు చెప్పింది.

హోటల్‌కు వచ్చి మేధ బూట్లు విప్పాను. పొద్దున నేను వేసిన జంట ముడి అలాగే బిగిసి ఉంది. సాక్స్ తీశాను. కుడి అరికాలి మధ్యలో నల్లటి చుక్క. గుండ్రంగా, దిష్టి తగలకుండా పిల్లలకు పెడతామే, అచ్చం అలా.

మట్టేమోనని వేలితో అంచున తాకాను. కాటుక. ఆముదం వాసన వచ్చింది. నా దగ్గర కాటుక లేదు, నేను కళ్లకు పెన్సిల్ వాడతాను. పొద్దున సాక్స్ తొడిగింది నేనే, అప్పుడు పాదం శుభ్రంగా ఉంది. సాక్స్ తిరగేస్తే లోపల మరక లేదు. వంశీ ఫోన్ లైటు వేసి బూటు లోపల కూడా చూశాడు.

"ఇది ఎవరు పెట్టారు తల్లీ?" అని అడిగాను.

మేధ టీవీ మీంచి చూపు తిప్పకుండా, ఎప్పటిలాగే ఇంగ్లీషులో చెప్పింది.

"దట్ ఆంటీ. షీ వాజ్ హోల్డింగ్ మై ఫుట్."

"ఏ ఆంటీ?"

భుజాలెగరేసింది. అంతకు మించి ఏమీ రాబట్టలేకపోయాం.

నిజం చెప్పాలంటే నాకు భయం వేయలేదు. నా పిల్లను ఎవరో పట్టి ఆపారని సంతోషం వేసింది. మర్నాడు ఆ ఊళ్లో ఉన్న కొద్దిమంది తెలుగువాళ్లనూ వాకబు చేశాను. ఆ పూట రేవుకు ఎవరూ వెళ్లలేదన్నారు. వెళ్లినా, ముడి విప్పకుండా బూటు లోపలికి ఎవరి వేలు వెళ్తుంది? వంశీ ఇప్పటికీ ఏవేవో కారణాలు చెబుతుంటాడు. ఒక్కటీ అతకదు. నా దగ్గర అవి కూడా లేవు.

రేవు నుంచి వచ్చిన ఆ సాయంత్రం మేధకు నేనే స్నానం చేయించాను. కుడి కాలు మాత్రం తొట్టి బయటికి పెట్టించి, అరికాలు తడవకుండా నా చేత్తో పట్టుకున్నాను.