చిన్నత్త నన్ను ‘మీరు’ అన్న రోజు

నా చిన్నప్పుడు ఐదో తరగతితో బడి మానేశాను. ఉత్తరాలు తప్ప ఇంకేమీ రాసినదాన్ని కాదు. ఒత్తులూ దీర్ఘాలూ ఎక్కడ పెట్టాలో ఇప్పటికీ అనుమానమే. మా కోడలు పట్టుబట్టింది కాబట్టి భయపడుతూనే రాస్తున్నాను. తప్పులు చూసి నవ్వకండి.

మా కోడలు ఇక్కడే, అమెరికాలో పిస్కాటవే అనే ఊళ్లో పుట్టి పెరిగింది. మనసు బాగా దెబ్బతిన్నవాళ్లకు, లేని గొంతులు వినపడేవాళ్లకు ఎలా వైద్యం చేస్తే మేలో పరిశోధన చేసే డాక్టరు. నన్ను “అత్తయ్యా, నువ్వు తిన్నావా?” అంటుంది. ఇంటికొచ్చినవాళ్లు ముసిముసిగా నవ్వుతారు. మా అబ్బాయి “మీరు అనాలి, మీరు!” అని దిద్దుతాడు. “దాన్నలాగే అననివ్వరా” అంటాను నేను. అలా ఎందుకంటానో మొన్నటిదాకా ఎవరికీ చెప్పలేదు.

నాకు తొమ్మిదేళ్లప్పుడు మా చిన్నత్త, అంటే నాన్న ఆఖరి చెల్లెలు, మా ఇంట్లోనే ఉండేది. గోడల్లోంచి ఎవరో తిడుతున్నారని చెవులు మూసుకునేది. విషం పెడతారని ఎవరి చేతిదీ తినేది కాదు, నా చేతిది తప్ప. “ఏమే పిల్లా, నువ్వేనా తెచ్చింది? అయితే ఇటివ్వు” అనేది. ముందు నా చెయ్యి తన తల మీద పెట్టించుకుని, “ఒట్టెయ్యి. ఇందులో మందూ మాకూ ఏమీ లేదుగా?” అని అడిగేది. నేను ఒట్టేశాకే తాగేది.

ఆ రోజుల్లోనే అమ్మ చిన్నత్తకిచ్చే రాగిజావలో తెల్లటి పొడి కలపడం మొదలుపెట్టింది. ఏంటమ్మా అంటే, “పటికబెల్లమే. అత్తకు చలవ చేస్తుంది” అంది. నేను నమ్మాను. నమ్మాను కాబట్టే ధైర్యంగా ఒట్టు వేశాను.

కొన్నాళ్లకు చిన్నత్త తల దువ్వుకుంది. నాకు జడ వేసింది. వామనగుంటల్లో దొంగాట ఆడానని నా చెవి మెలిపెట్టి నవ్వింది. అదంతా నా ఒట్టు మహిమే అనుకుని మురిసిపోయాను.

ఒక పొద్దున అమ్మ హడావిడిలో పొడి సరిగ్గా నూరలేదు. జావ అయిపోయాక గ్లాసు అడుగున తెల్లటి పలుకులు కనపడ్డాయి. “పటికబెల్లం అత్తా” అన్నాను. చిన్నత్త ఒకటి తన నాలుక మీద, ఒకటి నా నాలుక మీద పెట్టింది. కటిక చేదు. ఉమ్మేశాను.

ఆమె అరవలేదు. గ్లాసు నా చేతిలో పెట్టి, “తీసుకెళ్లండి. ఇంక మీరేమీ తేవద్దు” అంది.

తొమ్మిదేళ్ల పిల్లని అలా అంది. కొట్టినా అంత నొప్పి ఉండేది కాదు.

ఏడుస్తూ అమ్మ దగ్గరికి వెళ్లాను. అది పట్నం డాక్టరు ఇచ్చిన మాత్రల పొడట. “నీకు నిజం చెబితే నీ మొహం చూసి పట్టేసేది. నీకు తెలీదు కాబట్టే నమ్మింది. అంతా దాని మంచికే కదే!” అంది అమ్మ, పొయ్యి దగ్గర్నుంచి తల తిప్పకుండానే. అబద్ధం రాని నా మొహాన్ని మా అమ్మే అలా వాడుకుంది.

చిన్నత్త మందు మానేసింది. గొంతులు మళ్లీ వచ్చాయి. పెద్దాసుపత్రికి తీసుకెళ్తుంటే బస్సు దగ్గర నీళ్ల చెంబు అందించాను. “మీరుంచుకోండి” అంది. తర్వాత కొంత నెమ్మదించి తిరిగొచ్చింది, చాలా ఏళ్లు బతికింది. నా పెళ్లికి అక్షింతలు వేసి, “చల్లగా ఉండండి” అంది. అంతే, చివరిదాకా ఆ ‘నువ్వు’ మళ్లీ రాలేదు.

మొన్న చిక్కుడుకాయలు ఒలుస్తూ ఇదంతా కోడలికి చెప్పాను. చేతిలో కాయ అలాగే పట్టుకుని కూర్చుంది. “నా పేషెంట్స్ కూడా సేమ్ చెప్తారు అత్తయ్యా. జ్యూస్‌లో కలిపారు, తర్వాత ఎవర్నీ ట్రస్ట్ చేయలేదు అని. అందుకే నేను టాబ్లెట్ చేతిలో పెట్టి చూపిస్తాను. పేరు చెప్తాను, ఏం ట్రబుల్ వస్తుందో కూడా చెప్తాను.”

“వద్దంటే?”

“మళ్లీ వెళ్తాను. మళ్లీ చెప్తాను.”

“అయితే మా అమ్మది తప్పేనంటావా?”

పట్టుకున్న కాయ ఒలిచి గిన్నెలో వేసింది. “భయపడింది పాపం. కానీ చిన్నత్తని అడగలేదు. నిన్ను కూడా అడగలేదు.”

అవును, నన్ను కూడా అడగలేదు. ఇన్నేళ్లలో ఆ మాట నాతో అన్నది మా కోడలొక్కతే. అమ్మకు చివరిదాకా సేవ చేశాను గానీ, ఆమె చేతి రాగిజావ మళ్లీ ముట్టలేదు. ఆ రోజు తర్వాత ఎవరి తల మీదా చెయ్యి పెట్టి ఒట్టు వేయలేదు. ఇప్పటికీ ఎవరేమిచ్చినా తాగేసి, గ్లాసు అడుగు ఒకసారి చూసుకుంటాను.

ఇందులో తప్పులుంటే పెద్ద మనసుతో మన్నించి, మీరే దిద్దుకుని చదువుకోండి. మా కోడలి ‘నువ్వు’ని మాత్రం దిద్దకండి.