పసుపు మూతి

మా బాపుకు ఒక ఎద్దు, పక్కింటి కాకకు ఒక ఎద్దు. రెండూ కలిస్తేనే జోడి. అరవైల చివర, చెరుకు కొట్టే కాలంలో ఇద్దరూ వంతులవారీగా బండిని బోధన్ చక్కెర ఫ్యాక్టరీకి తోలేవారు. కాక మాకు చుట్టం కాదు. అయినా బాపు ఆయనను సొంత తమ్ముడి కంటే ఎక్కువ నమ్మాడు.

ఫ్యాక్టరీ ముందు బండ్ల వరుస ఒక్కోసారి రోజుల తరబడి కదలదు. అక్కడ ఎడ్లకు దొరికేది చెరుకు మొవ్వే. తీపి మేత ఎక్కువైతే నెమరు ఆగుతుంది, కడుపు ఉబ్బుతుంది. అందుకే మా అవ్వ వాము, శొంఠి, నల్ల ఉప్పు, మోర్తాడ్ నుంచి తెచ్చిన పసుపు కలిపి దంచి, సంచిలో పోసి బండితో పంపేది. ఆ పొడిని బెల్లంతో ముద్ద చేసి పూటపూటకూ ఎడ్ల నోట్లో పెట్టాలి. మూతులకు అంటిన పసుపు తొందరగా పోయేది కాదు. బండి తిరిగి రాగానే అవ్వ, "పెండ్లికొడుకులు వచ్చిండ్రు" అని నవ్వేది.

అప్పటికే నేను నిజామాబాద్‌లో పత్రికకు వార్తలు రాస్తున్నాను. సెలవుకు ఇంటికి వచ్చిన రోజే కాక వంతు బండి తిరిగొచ్చింది. కాడి దించగానే మా ఎద్దు కూలబడింది. ఎడమ డొక్క డోలులా బిగుసుకుంది. దవడ కదలడం లేదు. అది పోతే మాకు సాగు లేదు.

ఈసారి వరుస చాలా పెద్దదని, పొడి మాత్రం రెండింటికీ సమంగా పెట్టానని కాక చెప్పాడు. బాపు తలూపాడు. అవ్వ నూనెలో వాము, ఇంగువ కలిపి వెదురు గొట్టంలో పోసుకొచ్చింది. తాగించడానికి ఎద్దు తలను పైకెత్తి, అవ్వ ఆగిపోయింది. మూతి నల్లగా ఉంది. గోడవార కాక ఎద్దు తాపీగా నెమరు వేస్తోంది. దాని మూతి పచ్చగా ఉంది.

"ఒక్క పెండ్లికొడుకే వచ్చిండు," అంది అవ్వ.

కాక నవ్వబోయి మానుకున్నాడు. "దారిల వాగు నీళ్లు తాగిందవ్వా. రంగు పోయింది."

"రెండూ ఒక్క వాగుల్నే తాగినయి గద," అన్నాడు బాపు. "దీనిదే ఎందుకు పోయింది?"

కాక నేల చూశాడు. "పొడి అయిపోవచ్చిందన్నా. నీ ఎద్దు గట్టిది, తట్టుకుంటదనుకున్న."

బాపు గొట్టం అందుకుని నూనె పోశాడు. కొమ్ము పట్టుకోవడానికి కాక చెయ్యి చాపితే మెల్లగా పక్కకు జరిపాడు. పొద్దు వాలేదాకా డొక్క నిమురుతూనే ఉన్నాడు. చివరికి ఎద్దుకు త్రేన్పు వచ్చింది. కాసేపటికి దవడ కదిలింది.

మర్నాడు కాక కాడి భుజాన వేసుకొని వచ్చాడు. కొట్టిన చెరుకు చేన్లోనే ఎండుతోందన్నాడు. బాపు కూర్చోమని చాయ్ ఇప్పించాడు. మా చెరుకుకు కిరాయి బండి మాట్లాడుకున్నానని మామూలు గొంతుతోనే చెప్పాడు.

కాక లేవగానే అవ్వ లోపలి నుంచి పొడి సంచి తెచ్చి చేతిలో పెట్టింది. "తీస్కపో. ఒక్కదానికి సరిపోతది."

కాక సంచి తీసుకున్నాడు. కాడిని మా గోడకే ఆనించి వెళ్లిపోయాడు.