భాగ్యశ్రీ సముద్రం ముందు చెక్కభజన

భాగ్యశ్రీకి ఒక సముద్రం ఉంది. హిందూపురంలో రంగుచేపలు అమ్మే ఆమె అంగడి వెనక గదిలో, మంచమంత పొడవు గాజుతొట్టిలో, ఉప్పు కలిపి తానే చేసుకున్న సముద్రం. దాని నడుమ రాతి మీద చిటికెన వేలంత పగడం. రెండేళ్లుగా తెచ్చినవన్నీ చచ్చిపోగా బతికిన మొదటిది. మొన్ననే దానికి ఊదారంగు కొమ్మ ఒకటి పొడుచుకొచ్చింది.

ఆ శనివారం ఉదయం ఆమె నీళ్లలో మీటరు ముంచి అంకె చూసింది. పీహెచ్ ఎనిమిది పాయింట్ డెబ్బై! ఎనిమిది పాయింట్ ముప్పై దగ్గర నిలవాల్సింది వారంగా ఎక్కుతూనే ఉంది. పగడం రేకుల్లాంటి నోళ్లన్నీ ముడుచుకుంది. పీహెచ్ ఇంకాస్త పెరిగితే చాలు, ఆ కొమ్మ సాయంత్రానికి తెల్లటి పుల్ల.

తప్పు ఆమెదే. పగడం ఒళ్లు గట్టిపడాలని సున్నపు తేట సన్నటి గొట్టంతో చుక్కచుక్కగా పోసేది. ఏప్రిల్ ఎండకు తొట్టి నీరు ఆవిరైపోతుంటే, రొళ్ల కరువు మెట్టపొలాల్లో పెరిగిన ఆమె చెయ్యి ఆగలేదు. నీళ్లు దిగడం చూస్తూ కూర్చునే వంశం కాదు. తగ్గినంతా ఆ తేటతోనే నింపింది. సున్నం ఎక్కువయ్యేకొద్దీ పీహెచ్ ఎక్కింది.

తేట గొట్టం మూసింది. కానీ ఎక్కింది దిగేదెట్లా? పోయిన ఉగాదికి చుట్టాలంతా ఈ గదిలోనే పడుకున్నారు. తెల్లారేసరికి పీహెచ్ తగ్గింది. మనిషి వదిలిన గాలి నీళ్లలో కరిగితే పీహెచ్ దిగుతుంది. మనుషులు కావాలి!

సరిగ్గా అప్పుడే వీధిలో గజ్జెల చప్పుడు. నాయన రంగప్ప, ఆయన చెక్కభజన జట్టు ఎనిమిది మందీ పెనుకొండలో ఆటకు పోతూ పలకరించిపోదామని వచ్చారు.

"నాయనా, బస్సుకు ఎంతసేపుండాది?"

"గంటన్నర. ఏంటికి పాపా?"

"అందరూ లోపలికి రాండి. ఈడే ఆడండి. కిటికీలు మూస్తా."

"ఈ ఎండలోనా? ఉడకబెట్టి చేపలకేస్తావేమ్మా?" అన్నాడు జట్టులో ఓబన్న.

"నీళ్లలో సున్నం ఎక్కువైంది, మీరు వదిలే గాలే దానికి మందన్నా. లేకుంటే పగడం చచ్చిపోతాది."

"ఇంత చింతపండు పిసికి పోస్తే సున్నం విరిగిపోదా?" అన్నాడు ఓబన్న.

"గాలి వదిలేదేగా అడిగింది? నువ్వు పుట్టినకాడి నుంచి చేస్తాండేది అదే కదప్పా, రా!" అని రంగప్ప అతణ్ణి లోపలికి నెట్టాడు.

తలుపు మూసుకుంది. చెక్కలు ఘల్లుమన్నాయి. గుండ్రంగా తిరిగే కాళ్లు, చెమట, రొప్పు, పాట. ఆ వేడి ఊపిరినంతా చిన్న గాలిమోటారు బుడగలు చేసి తొట్టిలోకి దింపుతోంది. భాగ్యశ్రీ మీటరు వదల్లేదు.

"ఎనిమిది పాయింట్ అరవై ఆరు!" అని అరిచింది.

"అరవై ఆరూ!" జట్టంతా వంత పాడింది.

"అరవై! యాభై ఐదు!"

అంకె దిగేకొద్దీ అడుగు ఎగిరింది. యాభై అన్నప్పుడు కొమ్మ కొసన ఒక్క నోరు, ఆవగింజంత పువ్వు, మెల్లగా విచ్చుకుంది. దాని పక్కనే ఇంకొకటి.

"నాయనా! తెరిచింది!"

రంగప్ప చెమట కారుతున్న ముఖాన్ని గాజుకు ఆనించాడు. "ఇంకా ఎంత దిగల్ల పాపా?"

"కొంచెమే. మిగిలింది అదే దిగుతాది. మీరు బస్సుకు పోండి."

ఒక్కరూ కదల్లేదు. "పెనుకొండోళ్లు యాడికీ పోర్లేమ్మా," అని ఓబన్న చెక్కలు మళ్లీ పైకెత్తాడు.